మోపోక్ వాగులో బన్యిప్ గుడ్లు

క్లారీ ట్రెగెంజాకి వాగు కనబడకముందే పెళ్ళాం నవ్వు వినబడింది.

ట్రక్కు ఇంజను కట్టేసి, తలుపు సగం తెరిచి, ఒక కాలు నేల మీదా ఒక కాలు లోపలా పెట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఐవీకి రెండు నవ్వులున్నాయి. మొదటిది చర్చిలో ఫాదరుగారికీ, పళ్ళ డాక్టరుకీ, కొట్లో చిల్లర ఇచ్చే పిల్లకీ పంచిపెట్టేది. దానికి పెదాలు చాలు. రెండోది పొట్ట అడుగున పుట్టి, గొంతులోకి వచ్చి ఊపిరాడక కొట్టుకుని, చివర్లో పందిపిల్ల గుర్రుమన్నట్టు ఒక్క గురక పెట్టి ఆగుతుంది. పడుచుతనంలో ఏదో పెళ్ళి విందులో ఆ గురక విని మనసు పారేసుకుని క్లారీ ఆమెని చేసుకున్నాడు. ఆ గురక కోసమే బతుకంతా కోతలు కోస్తూ వచ్చాడు. అయితే ఈమధ్య కొన్నేళ్ళుగా అది అటకెక్కింది. ఎంత పెద్ద కోత కోసినా మొదటి నవ్వే వచ్చేది, అదీ పొరుగింటి నుంచి అరువు తెచ్చినట్టు.

ఇప్పుడు ఆ గురక యూకలిప్టస్ చెట్ల సందుల్లోంచి హాయిగా, ఒకటికి రెండుసార్లు వినబడింది.

దాని వెనకే ఓ మగగొంతు. పాత నేస్తం పర్సీది కాదు. పర్సీ గొంతు తుప్పుపట్టిన తలుపులా కీచుమంటుంది. ఇది బాగా నూనె పట్టించిన గొంతు.

ఏటా ఈస్టరుకి క్లారీ, ఐవీ, వాళ్ళ పాత నేస్తాలు పర్సీ, అతని పెళ్ళాం డల్సీ మోపోక్ వాగు ఒడ్డున నాలుగు రోజులు మకాం వేస్తారు. అక్కడ కుళాయి లేదు, కరెంటు లేదు. పొద్దున్నే పని పడితే పార భుజాన వేసుకుని పొదల్లోకి నడవాలి. అందుకే అంత ఇష్టం వాళ్ళకి. ఈసారి బయల్దేరే పూట క్లారీ ట్రక్కు స్ప్రింగు విరిగింది. అతను మెకానిక్కు షెడ్డు దగ్గర కాపలా పడి, ఐవీని పర్సీవాళ్ళ కారులో ముందు పంపాడు. ఆ కారులోనే పర్సీ కొత్త పొరుగువాడు కూడా వస్తున్నాడని ఎవరో అన్నారు. ఫెర్గస్ క్విల్టీ. పశువుల సంతలో వేలంపాట పాడి పాడి రిటైరైనవాడు. భార్య పోయి రెండేళ్ళయింది. "పాపం, ఒంటరివాడు" అంది డల్సీ. పాపం అనే మాట క్లారీ కూడా అన్నాడు, అప్పటికి మనిషిని చూడలేదు కనక.

ఇప్పుడు చూశాడు. పొడుగాటి మనిషి, తెల్లటి గడ్డం, నెమలిరంగు రుమాలు చుట్టిన టోపీ. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి వాగులో నిలబడ్డాడు. పక్కనే ఐవీ, లంగా అంచు నడుములో దోపుకుని, మోకాలిలోతు నీళ్ళలో వంగి రాయి ఎత్తుతోంది. ఎత్తి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని తిప్పి చూసి, "అమ్మో, ఇది దొరసాని, దీన్ని ముందు వరసలో కూర్చోబెట్టాలి" అన్నాడు. ఐవీ మళ్ళీ గురక పెట్టింది.

"దొరసాని నవ్విందిలే" అన్నాడు క్లారీ ఒడ్డు మీంచి.

ఐవీ తలెత్తింది. "వచ్చావా? స్ప్రింగు అయిందా?"

"అయింది. మీకేమైంది? ఒడ్డున చోటు చాల్లేదా?"

క్విల్టీ తడి చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని పైకొచ్చి చాచాడు. "నువ్వేనా క్లారీ? దోమలు గొర్రెని ఎత్తుకెళ్ళిన క్లారీ? పర్సీ దారంతా నీ ముచ్చటే చెప్పాడు."

"గొర్రె కాదు, గిత్త" అన్నాడు క్లారీ. "తమరెవరో పోల్చుకోలేకపోయాను. రండి, ఎండలో నిలబడ్డారు, కూర్చోండి."

ఆ వైపు మనుషులు కొత్తవాణ్ణయినా చెయ్యి కలపగానే నువ్వనేస్తారు. పని కట్టుకుని తమరూ అని మన్నించారంటే మొహం మీద తలుపు వేశారన్నమాటే. ఐవీ మొగుడి వైపు చురుక్కున చూసింది. క్విల్టీ మాత్రం ఏమీ పట్టనట్టు నవ్వి మళ్ళీ రాళ్ళ కోసం దిగాడు.

అప్పుడు క్లారీ కళ్ళు ఒడ్డు మీద ఆగాయి. ఏటా అతను నెగడు వేసే చోటు. పోయిన చలికాలపు వరద పాత రాళ్ళ వరసని ఊడ్చుకుపోయింది. ఆ ఖాళీలో ఇప్పుడు వాగు రాళ్ళు గుండ్రంగా, తళతళలాడుతూ, తడితడిగా కూర్చుని ఉన్నాయి. మధ్యలో కట్టెలు పేర్చేసి ఉన్నాయి.

మోపోక్ మకాంలో కట్టుబాటు ఒకటుంది. నెగడు ఎవడు పేరిస్తే ఆ పూట అది వాడిదే. ఇంకొకడు దాన్ని పుల్ల పెట్టి కెలకకూడదు. పొగ రాని వైపు దుంగ మీద వాడే కూర్చుంటాడు, మొదటి కథ వాడే ఎత్తుకుంటాడు. ఆ దుంగ మీద క్లారీ కూర్చున్నన్ని ఈస్టర్లు వాగులో కప్పలు కూడా కూర్చుని ఉండవు. ఇవాళ ఆ దుంగ మీద నెమలిరంగు రుమాలు ఇంకొకటి, ఆరేసి ఉంది.

"క్లారీ, చూడు ఎంత ముద్దొస్తున్నాయో." ఐవీ తెల్లచార ఉన్న నల్లరాయి ఒకటి రెండు చేతులా ఎత్తి చూపించింది. "ఇన్నేళ్ళూ ఆ గుట్ట మీది మసిబొగ్గు రాళ్ళ చుట్టూ కూర్చోబెట్టావు మమ్మల్ని. కాలి దగ్గర ఇంత అందం పెట్టుకుని."

క్లారీ నోరు తెరిచాడు.

వాగు రాయి తాగుబోతు. ఏళ్ళ తరబడి నీళ్ళలో పడి ఉండి, కంటికి కనబడని సందుల్లోంచి నీళ్ళు పీల్చి దాచుకుంటుంది. నిప్పు తగిలితే లోపలి నీళ్ళు ఆవిరై, బయటికి దారి దొరక్క, రాయిని తుపాకీ గుండులా పేల్చేస్తాయి. చిన్నప్పుడు అలాంటి రాయి ఒకటి పేలి వాళ్ళ నాన్న చేతిలోని టీ డబ్బాని అవతలి పొదలోకి కొట్టడం క్లారీ కళ్ళారా చూశాడు. అందుకే ప్రతి ఏడూ నడుము విరిగేలా గుట్టెక్కి ఎండురాళ్ళు మోసుకొచ్చేవాడు. కానీ ఎందుకని అడిగినవాళ్ళకి ఉన్నమాట చెబితే అతను క్లారీ ఎలా అవుతాడు? "అవి రాళ్ళనుకుంటున్నారా? బన్యిప్ గుడ్లు. నీళ్ళ అడుగున ఉండే ఆ భూతం చలికి పొదగలేక మనమీద వదిలేసి పోయింది. వెచ్చబడ్డాయా, పిల్లలు లేచి ముందు పర్సీ బూట్లు తింటాయి, తర్వాత పర్సీని" అనేవాడు. మొదట్లో ఈ ముక్కకే ఐవీ గురక పెట్టేది. తర్వాత నవ్వింది. ఆ తర్వాత "అవునవును, గుడ్లు" అని ఉల్లిపాయ తరగడంలో పడింది. అసలు సంగతి మాత్రం ఈరోజుకీ ఎవరికీ తెలీదు.

ఇప్పుడు చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. నాలుక చివరికి వచ్చేసింది కూడా.

సరిగ్గా అప్పుడే క్విల్టీ, "అది నాకివ్వు, నా పక్కన పెట్టుకుంటాను" అన్నాడు. ఐవీ ఆ తెల్లచార రాయిని పువ్వు ఇచ్చినట్టు ఇచ్చింది.

క్లారీ నోరు మూసుకున్నాడు.

ఏమవుతుందిలే అనుకున్నాడు. ఒక్కటి, చిన్నది, టప్పుమంటే చాలు. ఆ గడ్డం నిండా బూడిద పడాలి. నెమలి రుమాలుకి ఓ చిల్లు పడాలి. అప్పుడు ఐవీ ఎవరి వైపు తిరుగుతుందో చూద్దాం. ఆ ఆలోచన చల్లటి మజ్జిగలా తగిలింది. గుడారం గుంజలు దించడానికి ట్రక్కు దగ్గరికి వెళ్ళాడు, ఈల కూడా వేసుకున్నాడు.

సాయంత్రం మాత్రం అంత చల్లగా గడవలేదు.

క్విల్టీ నెగడు ముట్టించాడు. ఒక్క అగ్గిపుల్లతో అంటుకుంది, దిక్కుమాలింది. తడి రాళ్ళు మొదట పొగలు కక్కి, తర్వాత ఆరి బుద్ధిగా కూర్చున్నాయి. టీ డబ్బా మరిగాక క్విల్టీ దాని పిడి పట్టుకుని, ఆకు అడుక్కి దిగాలని, చెయ్యి చాచి తల మీదుగా గిరగిరా మూడు చుట్లు తిప్పాడు. ఒక్క చుక్క ఒలకలేదు. ఆ డబ్బా తిప్పడం కూడా ఇన్నాళ్ళూ క్లారీ పనే. భుజం పట్టేశాక మానేసి, చెంచాతో తట్టి ఊరుకుంటున్నాడు.

"చూశావా, ఎలా తిప్పాడో" అంది డల్సీ.

"గానుగెద్దు కూడా తిరుగుతుంది" అన్నాడు క్లారీ.

"నీకు భుజం నొప్పి కదా పాపం" అంది ఐవీ. ఆ పాపం అనే మాట ఎంత మంట పుట్టిస్తుందో క్లారీకి అప్పుడు తెలిసింది.

తర్వాత డాంపర్ రొట్టె. క్విల్టీ పిండి కలిపి, ఇనప గిన్నెలో పెట్టి, మూత మీద నిప్పులు కప్పాడు. "మీది పొంగదేమో" అన్నాడు క్లారీ. "ఇక్కడి గాలి వేరు. కొత్తవాళ్ళకి పొంగదు."

"గాలి కూడా నిన్నడిగే వీస్తుందా?" అన్నాడు పర్సీ. అందరూ నవ్వారు. క్విల్టీ నవ్వలేదు. "అయితే నువ్వొచ్చి చూసి చెప్పు గురూ, నిప్పు చాలా?" అని పక్కకి జరిగి చోటిచ్చాడు. వాడు చెడ్డవాడయినా బాగుండేది. చెడ్డవాడు కాకపోవడం క్లారీకి మరీ దుర్మార్గంగా తోచింది.

"తమరి నెగడు. నేను కెలకను" అన్నాడు.

కూకబురా పిట్టలు పొద్దు గూకుతోందని కూడబలుక్కుని నవ్వాయి. వాటి నవ్వు కూడా ఇవాళ తనమీదే అనిపించింది క్లారీకి. క్విల్టీ దుంగ మీద కాళ్ళు చాపి, మొదటి కథ ఎత్తుకున్నాడు.

"ఓసారి సంతలో మసక చీకటి. వేలం నడుస్తోంది. తరవాతిది తోలండ్రా అన్నాను. ఏదో బలంగా, నల్లగా దొడ్లోకి వచ్చి పడింది. దూడ అనుకుని పాట మొదలుపెట్టా. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, కొట్టేశా. కొన్నాయన తోలుకుపోయాడు. తీరా తెల్లారి చూస్తే కాడ్ చేప. వరదకి నదిలోంచి దొడ్లోకి కొట్టుకొచ్చింది."

"మరి ఆయన వెనక్కి తేలేదూ?" అంది డల్సీ.

"ఇచ్చేద్దామనే వచ్చాడు. కానీ అప్పటికే అది గడ్డి మరిగింది. మరుసటేడు పశువుల ప్రదర్శనలో రెండో బహుమతి."

"మొదటిది ఎందుకు రాలేదూ?" అన్నాడు పర్సీ.

"కొమ్ములు చిన్నవన్నారు."

ఐవీ అప్పుడే టీ గుక్క వేసింది. గురక వచ్చింది, మామూలుది కాదు, టీ ముక్కులోకి పోయే గురక. దగ్గి, కళ్ళు తుడుచుకుని, "కొమ్ములు చిన్నవట" అని మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ చేప మీద క్లారీకి ఎంత అసూయ కలిగిందంటే, దొరికితే అక్కడికక్కడే పొలుసు తీసేవాడు. గొంతు సవరించుకుని తన దోమల కథ ఎత్తాడు. "మా పాత పొలంలో ఓ గిత్త ఉండేది. దాన్ని ఓ సాయంత్రం దోమలు..."

"ఎత్తుకెళ్ళాయి" అన్నాడు పర్సీ. "మెడలో గంట మాత్రం వెనక్కి తెచ్చి గడప మీద పెట్టాయి, దాని మోతకి నిద్ర పట్టట్లేదని. ఫెర్గస్కి కారులోనే చెప్పేశాను రా."

"మంచి కథ" అన్నాడు క్విల్టీ మనస్ఫూర్తిగా.

ఐవీ మొదటి నవ్వు నవ్వింది. చిల్లర ఇచ్చే పిల్లకి నవ్వేది. క్లారీ నెగడు అవతల పొగ వచ్చే వైపు కూర్చుని, కళ్ళు మండుతుంటే అది పొగవల్లేనని తనకి తాను చెప్పుకున్నాడు. రాళ్ళవైపు చూశాడు. పేలరేమే, ఏమొచ్చింది మీకు అని లోపల్లోపలే బతిమాలాడు.

ఎండ పూర్తిగా దిగిపోయింది. వాగు మీంచి చలి లేచింది.

"కాళ్ళు ఇంకా కొయ్యబారే ఉన్నాయి" అంది ఐవీ. మధ్యాహ్నం నీళ్ళలో తడిసిన బూట్లు విప్పి, ఆరడానికి తెల్లచార రాయికి ఆనించింది. తర్వాత తన గుడ్డ కుర్చీని ముందుకి, ఇంకా ముందుకి, క్విల్టీ పక్కకి జరుపుకుంది. రెండు పాదాలూ ఎత్తి, వెచ్చగా ఉన్న ఆ రాయి మీదే పెట్టుకుంది. "ఆహా, ప్రాణం లేచొచ్చింది."

క్లారీకి ప్రాణం పోయింది.

మంట కట్టెల్లోంచి ఇప్పుడు బాగా లేచింది. నెగడు లోపలివైపు రాళ్ళు బూడిదరంగుకి తిరిగాయి. ఎక్కడో సన్నగా, ఈల వేస్తున్నట్టు స్... అంటోంది. మిగతావాళ్ళకి అది తడికట్టె చప్పుడు. క్లారీకి వాళ్ళ నాన్న టీ డబ్బా గుర్తొచ్చింది. ఆ డబ్బా ఎంత దూరం పోయిందో, ఎంత సొట్ట పడిందో కళ్ళకి కట్టింది. ఐవీ పాదాలు చిన్నవి. కుడి చిటికెన వేలు కొంచెం వంకర.

"ఐవీ, ఇలా రా" అన్నాడు. "వాగులో ప్లాటిపస్ కనబడుతోంది."

"పోయినేడు చుట్ట కాలుస్తూ కనబడిందే, అదేనా?"

"నిజంగా ఉంది. లే."

"చుట్ట అయ్యాక పిలువు. కాళ్ళు వెచ్చబెట్టుకోనీ."

"నీ కుర్చీ కింద పాము ఉంది."

"పాపం, దానికీ చలేస్తోందేమో" అంది ఐవీ కదలకుండా.

ఇక లాభం లేదు. క్లారీ లేచి నిలబడ్డాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ఒడ్డున ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "అందరూ వినండి. నేను హాస్యానికి అనడం లేదు. ఆ రాళ్ళు పేలతాయి. వాగు రాళ్ళు లోపల నీళ్ళు దాచుకుంటాయి. వేడికి బద్దలవుతాయి. లేచి దూరం జరగండి."

ఎవరూ కుర్చీ కదపలేదు.

"గుడ్లు" అంది డల్సీ.

"బన్యిప్ గుడ్లు" అని పర్సీ తొడ చరిచాడు. "నేననుకుంటూనే ఉన్నా, ఇంకా రాలేదేమా అని. ఫెర్గస్, నీకు ఇది చెప్పలేదు, దాచి ఉంచా. ఇవి రాళ్ళు కావు, గుడ్లు. పిల్లలు లేచి నా బూట్లు తింటాయి."

"గుడ్లు కాదు రా, రాళ్ళు. పేలతాయి."

"ఈ ఏడు కొత్తగా పేలతాయిట. బాగా పెంచాడు" అంది డల్సీ.

"మొహం చూడు, ఎంత గంభీరంగా పెట్టాడో" అంది ఐవీ. ఆమె పెదాలు వణికాయి. పొట్ట కదిలింది. గురక వచ్చింది. ఈసారి క్లారీ వైపే చూస్తూ, క్లారీ కోసమే, పాత రోజుల్లోలాగా. "ఎన్నాళ్ళయింది క్లారీ, నువ్విలా చెప్పి" అంది కళ్ళు తుడుచుకుంటూ.

మధ్యాహ్నం నుంచి దేనికోసం అలమటించాడో అది ఒళ్ళో వచ్చి పడింది. అది తీసుకునే తీరిక లేదు.

క్విల్టీకి కూడా ఉత్సాహం వచ్చింది. దుంగ మీంచి లేచి, టోపీ వెనక్కి నెట్టి, వేలంగొంతు విప్పాడు. "రండి బాబూ రండి, మేలుజాతి బన్యిప్ గుడ్డు, తెల్లచారది, అయిదుగురు సాక్షుల ముందు పొదగబడుతున్నది. ఐవీగారి పాదాల వెచ్చదనం ఉచితం. ఎవరి పాట? పర్సీ పాట, ఒక బూటు. డల్సీ పాట, రెండు బూట్లు. ఒకటోసారి..."

స్... అనే చప్పుడు ఆగిపోయింది. ఆగిపోయినందుకే క్లారీకి ఎక్కువ భయమేసింది.

భుజం పట్టేసిన మనిషి, టీ డబ్బా తిప్పలేని మనిషి, నెగడు పక్కగా ఒక్క దూకు దూకి, ఐవీ కూర్చున్న కుర్చీని కింద చేతులు పెట్టి మనిషితో సహా ఎత్తాడు. "ఏంటిది క్లారీ, దించు" అని ఆమె కేకేస్తుంటే వాగువైపు పరిగెత్తాడు. పరుగంటే పరుగు కాదు, కాళ్ళు విరిగిన బల్ల దొర్లినట్టు. "పర్సీ, డల్సీని లాగు" అని అరిచాడు. ఆ గొంతులోని ఏదో విని పర్సీ ఈసారి మాట్లాడకుండా పెళ్ళాం చెయ్యి పట్టి లాగాడు.

"రెండోసారి..." అన్నాడు క్విల్టీ, నవ్వుతూ వాళ్ళని చూడ్డానికి రెండడుగులు పక్కకేసి.

మూడోసారి రాయే అంది.

ఆ చప్పుడుకి వాగు అవతలి చెట్ల మీది తెల్ల చిలకలన్నీ దుప్పటి దులిపినట్టు లేచాయి. నిప్పురవ్వలు, రాతి చెక్కలు, డాంపర్ రొట్టె, దాని మూత, అన్నీ కలిసి ఆకాశంలోకి బయల్దేరాయి. రొట్టె బాగానే పొంగింది, అది మాత్రం అందరూ చూశారు. క్లారీ, ఐవీ, కుర్చీ, ముగ్గురూ వాగులో పడ్డారు.

మళ్ళీ ఇంకోటి పేలింది.

"బతికే ఉన్నారా?" పర్సీ గొంతు చెట్టు వెనకనుంచి కీచుమంది.

అందరూ బతికే ఉన్నారు. క్విల్టీ గడ్డం నిండా బూడిద. నెమలి రుమాలుకి చిల్లు. క్లారీ కోరుకున్నవన్నీ అక్షరాలా జరిగాయి. అతను మాత్రం అటు చూడలేదు. నడుములోతు చన్నీళ్ళలో కూర్చుని ఐవీ పాదాలు రెండూ పట్టుకుని వేళ్ళు తడుముతున్నాడు. అన్నీ ఉన్నాయి. వంకరది కూడా.

ఐవీ జుట్టు మొహానికి అంటుకుపోయింది. ఆమె ఒడ్డువైపు చూస్తోంది. డల్సీ ఏదో ఎత్తి చూపిస్తోంది. ఐవీ ఎడమ బూటు. మడమ దగ్గర దూరి, ముందు బొటనవేలు దగ్గర బయటికొచ్చిన చిల్లు. అందులోంచి డల్సీ వేలు అవతలికి వచ్చింది.

చాలాసేపు ఐవీ ఆ వేలినే చూసింది. తర్వాత మెల్లిగా, ఒడ్డుకి వినబడకుండా అడిగింది. "క్లారీ, అది గుడ్ల కథ కాదా?"

"కాదు."

"ఎప్పుడూ కాదా?"

"ఎప్పుడూ కాదు. కథ నేను అల్లింది. రాళ్ళు మాత్రం నిజం."

"మధ్యాహ్నం నువ్వొచ్చేసరికి మేం రాళ్ళు ఏరుతున్నాం." ఆమె ఒక్కో మాటా రాయి ఎత్తినట్టు ఎత్తింది. "ఆ తెల్లచారది నీకు చూపించాను. నువ్వు నోరు తెరిచావు. నేను చూశాను. మళ్ళీ మూసుకున్నావు."

క్లారీ దగ్గర ఆ మాటకి జవాబుగా పనికొచ్చే కోతలు వంద ఉన్నాయి. వాటిల్లో ఒక్కటీ తియ్యలేదు. "నువ్వు వాడితో నవ్వుతున్నావు" అన్నాడు.

"నవ్వాను."

"గురక పెట్టావు."

ఐవీ అతని చేతుల్లోంచి పాదాలు వెనక్కి తీసుకుంది. లేచి, నీళ్ళు కారుతుంటే విరిగిన కుర్చీ ఈడ్చుకుంటూ ఒడ్డెక్కింది.

ఒడ్డున క్విల్టీ పరుగున వచ్చి క్లారీని రెండు చేతులా లాగాడు. ఆ నూనె గొంతు గరగరలాడుతోంది. "నువ్వు చెప్పావు గురూ. చెబుతూనే ఉన్నావు. నేను వెధవలా వేలం పాడాను. ఆమెకేమన్నా అయి ఉంటే నేను..." అంటూ క్లారీని కావలించుకున్నాడు. పర్సీ వీపు తట్టాడు. డల్సీ కళ్ళొత్తుకుంది. వాళ్ళ భుజాల మీంచి క్లారీ ఐవీ వైపు చూశాడు, ఇప్పుడు చెప్పేస్తుందేమోనని. ఆమె తువ్వాలుతో జుట్టు తుడుచుకుంటోంది. చెప్పలేదు. ఆ పూటే కాదు, మర్నాడూ చెప్పలేదు, ఇంటికెళ్ళాకా చెప్పలేదు. తిట్టినా బాగుండునని క్లారీ ఎదురుచూశాడు. టీ ఇచ్చింది, సాక్సులు కుట్టింది, తిట్టు మాత్రం పెట్టలేదు.

మరుసటి ఈస్టరుకి క్విల్టీ అందరికంటే ముందు తయారయ్యాడు. మకాం చేరగానే, "క్లారీ, గుట్టకి పద. ఎండురాళ్ళు నువ్వు చూపించు, మోత నాది" అన్నాడు. మోశాడు కూడా. క్లారీ అతన్ని నువ్వనే అన్నాడు. ఇష్టంతో కాదు, రాళ్ళు మోసేవాణ్ణి తమరూ అని మన్నించడానికి ఊపిరి చాలదు కనక. నెగడు క్లారీ పేర్చాడు. పొగ రాని వైపు దుంగ అతనికి మళ్ళీ దక్కింది. మొదటి కథ అతనిదే. కానీ గొంతు సవరించుకునేలోపు పర్సీ అన్నాడు, "ఒరేయ్, నీ గిత్త ఎక్కడికీ పోదు గాని, ఆ రాయి పేలిన కథ ఫెర్గస్ని చెప్పనీ. క్లబ్బులో చెబితే జనం బల్లలెక్కారు."

క్విల్టీ క్లారీ వైపు చూశాడు. "నీ నెగడు. నువ్వు సరేనంటేనే."

సరే అనక ఏం చేస్తాడు?

క్విల్టీ చెప్పాడు. ఆ కథలో రాళ్ళు గొర్రెలంత ఉన్నాయి. క్లారీ వాటి గుండె చప్పుడు విని, గాలి వాసన చూసి, మిత్రులారా లేవండి అన్నాడు. మూర్ఖులు నవ్వారు. అప్పుడతను ఒంటిచేత్తో భార్యని, కుర్చీని, ఆమె చేతిలో టీ కప్పునీ ఎత్తి, చుక్క ఒలకకుండా వాగు దాటించి అవతలి ఒడ్డున దించాడు. రాయి ముక్క ఒకటి వెంటబడి వస్తే టోపీతో పక్కకి కొట్టాడు. రొట్టె పక్క జిల్లాలో పడితే అక్కడివాళ్ళు వెన్న రాసుకుని తిన్నారు. ఐవీ గురక పెట్టింది, ఒకసారి కాదు. కథలోని క్లారీ టీ కప్పు ఆమెకి అందించి, "చల్లారిందేమో చూడు" అన్నచోట ఆమె కళ్ళు మెరిశాయి. అలాంటి మెరుపు క్లారీ వెనకటి ఆ పెళ్ళి విందులోనే చూశాడు.

దుంగ మీద కూర్చున్న క్లారీకి అసూయ పుట్టింది. క్విల్టీ మీద కాదు. ఆ కథలోవాడి మీద. భుజం నొప్పి లేని, నోరు మూసుకోని, మధ్యాహ్నం ఒకలా సాయంత్రం ఒకలా ఉండని ఆ రెండో క్లారీ మీద. క్విల్టీనైతే తమరూ అని దూరం పెట్టొచ్చు. వీణ్ణెలా పెడతాడు?

మిగతా ముగ్గురూ పక్క బల్ల మీద ఉల్లిపాయలు తరగడానికి లేచాక, నెగడు అటూ ఇటూ మొగుడూ పెళ్ళాం ఇద్దరే మిగిలారు. క్లారీ మంటలోకి చూస్తూ అన్నాడు. "వాడంటే నీకు బాగా ఇష్టంలా ఉంది."

"ఎవడు? ఫెర్గసా?"

"కాదు. నిన్ను వాగు దాటించినవాడు."

ఐవీ తన కుర్చీ చెయ్యి తట్టింది. "మంచివాడే" అంది. "నా కుర్చీ విరక్కొట్టలేదు. వాడయితే నాకు మధ్యాహ్నమే చెప్పి ఉండేవాడు."

ఏడాదిపాటు ఎదురుచూసిన తిట్టు అది. అంత మెల్లిగా వస్తుందనుకోలేదు. క్లారీ తల ఊపాడు.

ఆమె తన కుర్చీ ఎత్తుకుని నెగడు చుట్టూ తిరిగి ఈవైపు వచ్చింది, దుంగకి కొంచెం ఎడంగా వేసుకుంది. అదే బూట్లు వేసుకుంది. ఎడమదానికి చిల్లు దగ్గర మొరటుగా తోలుముక్క కుట్టించింది, కొత్తవి కొందామంటే ఒప్పుకోలేదు. ఎదురుగా ఉన్న నల్లరాయి వైపు చూసింది.

"ఇదెక్కడిది?"

"గుట్ట మీదిది."

"నిజంగా?"

"నిజంగా. నేనే ఎత్తాను. ఫెర్గస్ మోశాడు."

ఐవీ అతని మొహంలోకి చూసింది, కొలిమిలో ఇనుము చూసినట్టు, చాలాసేపు. తర్వాత ముందు కుడి పాదం, కాస్త ఆగి ఎడమ పాదం, ఆ రాయి మీద పెట్టింది.